మా వాడి సీటు

పాలమూరు పల్లెల్లో ముప్పై రెండేళ్లు పంతులుగా చేశాను. నవోదయ పరీక్షకు నేను పంపిన పిల్లలు రెండు వందలు దాటుతారు. సీటొచ్చింది పదకొండు మందికి. అందులో ఒకడు నా కొడుకు. నాకు తెలిసొచ్చినవాటిలో సగం ఆ ఒక్కడి సీటు నుంచే.

1. పల్లెలో ఉన్నవాళ్లంతా పేదవాళ్లు కారు.

నవోదయ అంటే కేంద్రం నడిపే హాస్టల్ బడి. ఒక్కో బడిలో ఆరో తరగతికి ఏడాదికి 80 సీట్లు. కనీసం 75 శాతం పల్లెల్లో చదివినవాళ్లకే. ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడపిల్లలకు వాటా ఉంది. ఈమధ్య ఓబీసీలకూ వచ్చింది. ఇంటి ఆదాయం ఎంతని మాత్రం సీటిచ్చేటప్పుడు ఎవరూ చూడరు. నెలనెలా జీతం తీసుకునే పంతులు కొడుకూ, మేకలు కాసేవాడి కొడుకూ ఆ పల్లె వాటాలో ఒకటే. 1994లో మా వాడు ఆ వాటాలోనే సీటు తెచ్చుకున్నాడు. రూలు ప్రకారం వీసమెత్తు తప్పు లేదు. కానీ వాడికి ఇంట్లో రెండేళ్లు రోజూ చెప్పాను. తరగతికి చెప్పింది పరీక్షకు ముందు నెల రోజులే.

2. నిజాయితీ కూడా ఒక్కోసారి చౌకగా దొరుకుతుంది.

మా వాడి పక్కన ఒక పిల్లాడు కూర్చునేవాడు. నోటిలెక్కల్లో వాడి ముందు మా వాడు నిలవలేకపోయేవాడు. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తి కాకముందే జవాబు చెప్పేసేవాడు. నాలుగో తరగతిలో దసరా దాటగానే అమ్మానాన్నలతో బొంబాయి బస్సెక్కాడు, మట్టిపనికి. మళ్లీ ఉగాదికి కనబడ్డాడు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఏడాదంతా బడిలో చదివితేనే నవోదయకు అర్హత. వాడి పేరు రిజిస్టర్లో నడుపుతూ హాజరు వేసుకుంటూ పోతే సరిపోయేది. అలా చేసిన పంతుళ్లు నాకు తెలుసు. నేను అబద్ధం రాయనన్నాను. “పోనియ్ సార్, వాని నసీబు” అన్నాడు వాళ్ల నాయిన. నా నిజాయితీ వల్ల నాకు పైసా నష్టం లేదు. పైగా, మా వాడికి పోటీ ఒకటి తగ్గింది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు రిటైరయ్యేదాకా పట్టింది.

3. బొమ్మలకు భాష లేదు, డబ్బు ఉంది.

ఇప్పటి పరీక్షలో 100 మార్కులకు 50 బొమ్మల ప్రశ్నలవే. 40 ప్రశ్నలు. వరసలో తర్వాతి బొమ్మేది, అద్దంలో ఎలా కనబడుతుంది, కాగితం మడిచి కత్తిరిస్తే విప్పాక ఎలా ఉంటుంది, ఇవీ. చదువురాని ఇంటి పిల్లకు భాష అడ్డం రాకూడదన్న ఉద్దేశం మంచిదే. చిక్కేమిటంటే, సాధనతో తొందరగా లొంగేవి ఇవే. గైడు కొని రోజుకు ఇరవై బొమ్మలు చేయిస్తే రెండు నెలల్లో ఏ పిల్లయినా తేలుతుంది. గైడు లేని పిల్ల ఆ బొమ్మల్ని మొదటిసారి చూసేది పరీక్ష హాల్లోనే. రెండు గంటల్లో కొంతసేపు ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు నింపడం నేర్చుకోవడానికే పోతుంది.

4. ఆదాయం చూడమంటే కాగితం చూస్తారు.

మా రాష్ట్ర గురుకులాలకు ఆదాయ పరిమితి ఉంది. పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. మంచిదే. అయితే నెలజీతం తీసుకునేవాడి ఆదాయం దాగదు, వడ్డీ వ్యాపారిది కాగితం మీదకు రాదు. కూలివాడు ఆ కాగితం కోసం మీసేవకు ఒకరోజు, ఆఫీసుకు ఇంకోరోజు కూలి పోగొట్టుకుంటాడు.

5. సముద్రం దాటినా తగాదా ఇదే.

మా వాడు ఇప్పుడు వర్జీనియాలో ఉంటాడు. అక్కడ థామస్ జెఫర్సన్ అని పేరున్న సర్కారు హైస్కూలు. 2020 చివర్లో ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూలు నుంచీ ముందున్న ఒకటిన్నర శాతం మందికి సీట్లు కేటాయించారు. ఇంటి పేదరికాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఒక్క శాతం కూడా లేని పేద పిల్లలు మొదటి ఏడాదే 25 శాతమయ్యారు. ఆసియా పిల్లలు 73 శాతం నుంచి 54కు తగ్గారు. కొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 2024లో సుప్రీంకోర్టు ఆ కేసు విననంది. 54 శాతం అంటే ఇప్పటికీ సగానికి పైనే కదా అని నాకనిపిస్తుంది. మా వాడికి అనిపించదు. “కష్టపడి చదివినోళ్లకు ఇదేం న్యాయం నాయినా?” అన్నాడు ఫోన్‌లో.

6. నీ పక్కన కూర్చునే పిల్లాడు యాదికున్నాడా అని అడిగాను.

“లెక్కలు మస్తు చేసేటోడు. ఏమైండు?”

“సెంట్రింగ్ మేస్త్రి. బిడ్డ నాలుగో తరగతి. మొన్న గురుకులం ఫారం నేనే నింపిన. రోజూ పొద్దుగూకంగ మనింటికే వస్తది, బొమ్మలు నేర్పిస్తున్న.”

“ఎప్పటిసంది?”

“ఏడాదాయె.”