నా బోరు, మన నీళ్ళు



ఈసారి మన క్లబ్బులో వ్యాసానికి ఇచ్చిన అంశం 'స్వలాభం, సమాజ హితం'. వినగానే స్కూల్లో రాసిన వ్యాసాలు గుర్తొచ్చాయి. "స్వార్థం విడనాడాలి, అందరి మేలు కోరాలి" అని నాలుగు పేరాలు రాస్తే పదికి ఎనిమిది మార్కులు గ్యారంటీ. నిజం చెప్పాలంటే ఆ మాటలు నేను నమ్మి రాయలేదు. అందుకే ఈసారి మా ఇంట్లో జరిగిన విషయమే చెప్తాను. మాది అనంతపురం జిల్లా. విషయం బోరు.

మూడో బోరు

మాకు నాలుగెకరాలు, పెద్దనాయన వాళ్ళకి నాలుగెకరాలు. మధ్యలో ఒక్క గట్టు. రెండు చేలల్లోనూ చీనీ చెట్లే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఎండాకాలంలో మా బోరులో నీళ్ళు ఆగి ఆగి రావడం మొదలైంది. వేరుశనగ అయితే ఒక పంట పోయిందనుకుని మళ్ళీ ఏడాది వేసుకోవచ్చు. చీనీ చెట్టు ఎండితే ఏళ్ళ కష్టం పోయినట్టే. నాయన అప్పు చేసి రెండో బోరు వేయించాడు. 400 అడుగులు వేసినా దుమ్మే లేచింది. ఇంకా అప్పు చేసి మూడోది వేయించాడు. 620 అడుగుల దగ్గర రెండంగుళాల నీళ్ళు పడ్డాయి. ఆ రాత్రి మా ఇంట్లో పండగే.

నెల తిరక్కుండానే పెద్దనాయన బోరు ఆగిపోయింది.

ఆయన వచ్చి గొడవ పడలేదు. అరుగు మీద కూర్చుని, "నువ్వు చేసింది తప్పనను లేప్పా. నీ చోటులో నేనున్నా అదే చేసేవాణ్ణి" అన్నాడు. మరుసటి ఏడాది అన్నంత పనీ చేశాడు. 750 అడుగుల బోరు. ఈసారి మా నీళ్ళు తగ్గాయి.

ఇందులో చెడ్డవాడెవరు? నాకైతే ఎవరూ కనపడలేదు. నాయనది దురాశ కాదు, భయం. పెద్దనాయనదీ అదే భయం. మా స్కూలు వ్యాసం ఇక్కడే పనికిరాకుండా పోయింది. మంచివాళ్ళే ఇద్దరూ, అయినా ఇద్దరూ నష్టపోయారు. ఎలా?

ఒక చిన్న లెక్క

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కదా, లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవి. నేల కింద ఆ రెండు చేలకి కలిపి ఏడాదికి 12 యూనిట్ల నీళ్ళు ఊరతాయి అనుకోండి. ఒక్కో యూనిట్‌తో 40 వేల రూపాయల పంట వస్తుంది. కొత్త బోరు ఖర్చు లక్ష.

ఇద్దరూ పాత బోర్లతో ఉంటే చెరో 6 యూనిట్లు, చెరో 2 లక్షల 40 వేలు.

ఒక్కరే లోతుగా వేస్తే ఆయనకి 9 యూనిట్లు, రెండో ఆయనకి 3. బోరు ఖర్చు పోగా మొదటి ఆయనకి 2 లక్షల 60 వేలు, రెండో ఆయనకి 1 లక్షా 20 వేలు.

ఇద్దరూ వేస్తే మళ్ళీ చెరో 6 యూనిట్లే. కానీ చెరో లక్ష ఖర్చయింది. మిగిలేది 1 లక్షా 40 వేలు.

ఇప్పుడు నాయన స్థానంలో కూర్చోండి. పక్కాయన వేయకపోతే, నేను వేయడం లాభం (2.60 కన్నా 2.40 తక్కువ). పక్కాయన వేస్తే, అప్పుడూ నేను వేయడమే లాభం (1.40 కన్నా 1.20 తక్కువ). అంటే ఎటు చూసినా వేయడమే తెలివైన పని. ఇద్దరూ ఆ తెలివైన పనే చేశారు, ఇద్దరికీ లక్ష పోయింది. నీళ్ళు మాత్రం ఒక్క చుక్క పెరగలేదు. గేమ్ థియరీలో దీన్నే 'ప్రిజనర్స్ డైలమా' అంటారు. నేను క్లాసులో కాకుండా మా గట్టు మీద నేర్చుకున్నాను.

చెరువు కనిపిస్తుంది, బోరు కనిపించదు

మా తాతల కాలంలో ఇలా లేదు. ఊరి చెరువు కింద సాగు ఉండేది. నీళ్ళు వదలడానికి నీరుగంటి ఉండేవాడు, ఎవరి వంతు ఎప్పుడో అందరికీ తెలుసు. ఆ కాలంలో అంతా సమానంగా జరిగిందని నేననను, కులాన్ని బట్టీ చేను ఉన్న చోటును బట్టీ నీళ్ళలో తేడాలుండేవి. కానీ ఒక్క సౌకర్యం ఉంది. చెరువులో నీళ్ళు ఎంతున్నాయో గట్టెక్కితే కనపడతాయి. తగ్గితే తగ్గాయని అందరికీ ఒకేసారి తెలుస్తుంది.

బోరు అలా కాదు. మా ప్రాంతంలో కింద గట్టి రాయి. నీళ్ళు ఉండేది ఆ రాతి పగుళ్ళలోనే. మా జిల్లాలో సగటున ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. అందులో కొంతే కిందికి దిగుతుంది. ఆ పగులు నా చేను కింద మొదలై పక్క చేను కిందికి పోతుంది, దానికి గట్టు తెలీదు. మన చట్టానికి మాత్రం గట్టే ముఖ్యం. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం నా భూమి కింద ఉన్న నీళ్ళు తోడుకునే హక్కు నాది. అంటే నీళ్ళు ఉమ్మడివి, హక్కు సొంతం. చిక్కంతా ఇక్కడే.

హార్డిన్, ఆస్ట్రమ్

1968లో గ్యారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఉమ్మడి గడ్డి బీడులో ప్రతివాడూ ఇంకో పశువుని తోలితే చివరికి బీడే మిగలదన్నది అందులో ప్రసిద్ధమైన ఉదాహరణ. అది చదివినవాళ్ళు చాలామంది రెండే దారులున్నాయని తేల్చారు. ఒకటి ప్రభుత్వం అదుపు చేయడం, రెండోది ఎవరి ముక్క వాళ్ళకి పంచేయడం.

మా ఊరికి రెండూ సరిపోలేదు. రాతి పగుళ్ళలో నీళ్ళని ముక్కలుగా పంచలేం. ఇక ప్రభుత్వం అంటారా, 2002లోనే ఉమ్మడి రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది. దాని ప్రకారం కొత్త బోరుకి అనుమతి కావాలి. కానీ బోరు బండి రాత్రిపూట వస్తుంది, తెల్లారేసరికి పోతుంది. ప్రతి చేను దగ్గరా ఒక ఆఫీసరు కాపలా ఉండలేడు కదా.

మూడో దారి చూపించింది ఎలినార్ ఆస్ట్రమ్. ఆమె 1965 నాటి పీహెచ్‌డీ విషయం లాస్ ఏంజలస్ దగ్గర భూగర్భజలాలే! అక్కడ ఎవరికి వాళ్ళు తోడేస్తుంటే సముద్రపు ఉప్పునీరు లోపలికి రాసాగింది. తోడేవాళ్ళే కూర్చుని మాట్లాడుకుని, ఎవరెంత తగ్గించుకోవాలో ఒప్పందాలు చేసుకున్నారు. తర్వాత ఆమె స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్ళు, స్పెయిన్, ఫిలిప్పీన్స్ సాగునీటి కాలువలు, జపాన్ ఊరుమ్మడి అడవులు పరిశీలించి 1990లో పుస్తకం రాశారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ రంగంలో నోబెల్ పొందిన మొదటి మహిళ ఆమే.

ఆమె చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. ఉమ్మడి వనరు నిలబడిన చోట జనం మనకంటే మంచివాళ్ళేం కాదు. వాళ్ళకి కొన్ని ఏర్పాట్లున్నాయి: ఇందులో వాటాదారులెవరో స్పష్టంగా తెలుసు. నియమాలు తామే పెట్టుకున్నారు. ఎవరెంత వాడుతున్నారో చూసేవాళ్ళున్నారు. తప్పు చేస్తే మొదట చిన్న జరిమానా, మళ్ళీ చేస్తే పెద్దది. తగాదా వస్తే ఊళ్ళోనే తీర్చుకునే చోటు ఉంది.

మన దగ్గరా జరిగింది

మహారాష్ట్రలోని హివ్రే బజార్ గురించి చాలామంది వినే ఉంటారు. అక్కడ వాన నీటిని ఆపే పనులు చేసి ఊరుకోలేదు. సాగుకి బోర్లు వేయకూడదని, చెరకు లాంటి పంటలు పెట్టకూడదని ఊరంతా కట్టుబాటు పెట్టుకుంది. ఆ ఏడు వాన ఎంత పడిందో చూసి, పంటలు దాన్ని బట్టి వేస్తారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మా జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయం చేసింది. అందులో ఎవరి మీదా నిషేధం లేదు. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటలకి కావలసినవెన్ని అని లెక్క కట్టారు. లెక్క చూశాక ఎవరి నిర్ణయం వాళ్ళదే. చాలామంది వరి తగ్గించి తక్కువ నీటి పంటలకి మారారు. త్యాగం చేయమని వాళ్ళని ఎవరూ అడగలేదు. కనిపించని చెరువుని కనిపించేలా చేశారు, అంతే.

గురజాడ 'దేశభక్తి' గేయం మనందరం స్కూల్లో పాడాం. అందులో కూడా ఆయన ఉన్న లాభమంతా వదులుకోమనలేదు, అందులో ఒక భాగమే అడిగాడు. ఆ భాగం ఎంత? అది కొలిస్తేనే తెలుస్తుంది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు

ఇదంతా చదివి, పోయిన సంక్రాంతికి ఇంట్లో పెద్ద లెక్చరిచ్చాను. నాయన మొత్తం విని ఒకే ప్రశ్న వేశాడు: "నేను ఆపితే మీ పెద్దనాయన ఆపుతాడని ఏం నమ్మకం?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ప్రశ్న సరైనదే అనిపించింది. స్వలాభానికీ అందరి మేలుకీ మధ్య నిలబడేది ఆ నమ్మకమే. అది నీతివాక్యాలతో రాదు, చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి.

ఎండిపోయిన మా మొదటి బోరులోకి వానల తర్వాత కాస్త నీళ్ళొచ్చాయి. నేను ఒక పొడవాటి వైరుకి అడుగుల గుర్తులు పెట్టి, కొసన నీళ్ళు తగిలితే బజర్ మోగేలా చేశాను. ల్యాబ్‌లో మిగిలిపోయిన సామానే. దాన్ని దింపి చూస్తే నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో తెలిసిపోతుంది. ఇప్పుడు నెలకోసారి నాయనా పెద్దనాయనా ఇద్దరూ కలిసే కొలుస్తున్నారు. అంకెలు మా పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో రాస్తున్నారు. ఈ ఏడు కొత్త బోరు వద్దని ఇద్దరూ అనుకున్నారు. వచ్చే ఏడు సంగతి తెలీదు.

చివరగా హాస్టల్ మిత్రులకి ఒక మాట. పొద్దున ట్యాంకు నీళ్ళు గంటసేపే వస్తాయని మనం ఒక్కొక్కరం మూడేసి బకెట్లు నింపి దాచుకుంటున్నాం. సాయంత్రానికి సగం పారబోస్తున్నాం. మూడో అంతస్తు వాళ్ళకి స్నానానికి నీళ్ళుండవు. వాళ్ళు రేపు ఇంకా ముందు లేచి నాలుగు బకెట్లు నింపుతారు. ఈ కథ ఎక్కడికి పోతుందో ఇప్పుడు మీకూ తెలుసు. ఈ ఆదివారం ట్యాంకు దగ్గర కలుద్దాం. వైరు, బజర్ నేను తెస్తాను.