కాంతివేగమున వచ్చు హెచ్చరిక

2011వ సంవత్సరము మార్చి 11వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు, జపాను దేశపు తూర్పు తీరమునకు దూరముగా, సముద్రగర్భమున భూమి బ్రద్దలయ్యెను. ఆ భూకంపపు పరిమాణము 9. దాని వెంట లేచిన సునామీ కెరటములు తీరమునందలి ఊళ్లను ముంచివేసెను. 18 వేలమందికి పైగా మరణించిరి, లేదా జాడ తెలియకపోయిరి.

జపాను భూకంపములకు అలవాటుపడిన దేశము. ప్రజలను ముందుగా హెచ్చరించు ఏర్పాటు అచ్చట 2007 నుండి కలదు. భూమి కంపించినపుడు మొదట ఒక తేలికపాటి తరంగము సెకనుకు ఆరేడు కిలోమీటర్ల వేగముతో బయలుదేరును. గోడలను కూల్చు బలమైన తరంగము దాని వెనుక సెకనుకు మూడు నాలుగు కిలోమీటర్ల వేగముతో వచ్చును. మొదటిదానిని పసిగట్టి, రెండవది చేరులోగా హెచ్చరింతురు. ఆనాడు ఈ పద్ధతి పనిచేసెను. అతివేగముగా పోవు రైళ్లు నిలిచిపోయెను.

కాని మూడు నిమిషముల పిదప అధికారులు కట్టిన లెక్కలో భూకంప పరిమాణము 7.9 మాత్రమే. మియాగీ తీరమునకు 6 మీటర్ల కెరటము రాగలదని వారు ప్రకటించిరి. 7.9కిని 9కిని అంకెలలో భేదము స్వల్పమే. శక్తిలో మాత్రము నలుబది రెట్లకు మించినది. కెరటము 10 మీటర్లకు పైబడునని సవరించి చెప్పునప్పటికి 28 నిమిషములు గడచెను. పెక్కుచోట్ల విద్యుత్తు నిలిచిపోవుటచే ఆ మాట అందరికిని చేరలేదు.

ఈ లోపమును తీర్చుటకు శాస్త్రజ్ఞులు గురుత్వాకర్షణమును ఆశ్రయించుచున్నారు. ఆకర్షణము ద్రవ్యరాశిని బట్టి యుండును. మహాభూకంపమున అపారమైన శిలారాశి స్థానము మారును. ఒకచోట నొక్కుకొని చిక్కబడును, మరియొకచోట సాగి పలుచబడును. అందుచే చుట్టుపట్ల ఆకర్షణము రవంత మారును. ఈ మార్పు శిలలలో ప్రాకి రానక్కరలేదు. కాంతివలె సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును.

భూకంపకేంద్రమునకు దాదాపు 500 కిలోమీటర్ల దూరమున, కమియోకాలో నున్న పరికరము ఆనాడు వ్రాసిన గీతలలో ఈ మార్పు జాడ కలదని 2016లో ప్రకటించిరి. వేయి కిలోమీటర్లకు పైగా దూరమునగల చైనా ఈశాన్యభాగపు భూకంపలేఖినియందును, మొదటి తరంగము చేరకముందే ఆ సూచన కలదని 2017లో తేలెను. భూమ్యాకర్షణములో అది ఇంచుమించు వేయికోట్లలో ఒక వంతు మాత్రమే. గాలి, సముద్రఘోష కలిగించు అదురులే దానిని మరుగుపరచగలవు. కావుననే 8కి మించిన మహాభూకంపములకు మాత్రమే ఈ పద్ధతి ఉపకరించును. రాబోవు భూకంపమును ఇది ముందుగా చెప్పజాలదు. వచ్చినది ఎంత పెద్దదో త్వరగా చెప్పును.

2004 డిసెంబరు 26న సుమత్రా భూకంపమువలన లేచిన సునామీ ఆంధ్రతీరమును సైతము తాకెను. అటుపిమ్మట, 2007లో, హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడెను. పరికరములు ఎంత సూక్ష్మమైనను, తీరవాసులు మరువరాని నియమ మొకటి కలదు: నేల చాలసేపు అదరినచో, ఏ ప్రకటనకును ఎదురుచూడక వెంటనే మెట్టప్రదేశమునకు పోవలెను.

ప్రశ్నలు

1. 2011లో మొదటి హెచ్చరిక ఏల చాలకపోయెను?
2. భూకంపమువలన ఆకర్షణము ఎట్లు మారును?
3. ఈ నూతన పద్ధతికి గల పరిమితు లెవ్వి?