థైరాయిడ్ మందు వాడుతుంటే కీళ్ళ నొప్పులా? మానేసే ముందు ఇది చదవండి

"హకీం సాహెబ్, థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచి మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అది మానేసి మన యూనానీ మందు వాడుకోవచ్చా?" అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. వీరిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. జవాబు ముందే చెబుతాను. మీ అంతట మీరు మాత్ర మానకండి. అలాగని నొప్పిని ఓర్చుకుని కూర్చోకండి. థైరాయిడ్ జబ్బు ముఖ్యంగా రెండు రకాలు, మందులూ రెండు రకాలు. కీళ్ళ నొప్పికి ఒక్కో దానిలో ఒక్కో అర్థం ఉంటుంది.

మీరు వాడేది ఏ మందు?

థైరాయిడ్ గ్రంథి తక్కువగా పనిచేస్తే ఒళ్ళు బరువెక్కడం, చలి, మలబద్ధకం, నీరసం, జుట్టు రాలడం వంటివి కనిపిస్తాయి. దీనికి లెవోథైరాక్సిన్ మాత్ర ఇస్తారు. గ్రంథి ఎక్కువగా పనిచేస్తే గుండె దడ, చేతుల వణుకు, చెమట, బాగా తింటున్నా చిక్కిపోవడం ఉంటాయి. దీనికి సాధారణంగా కార్బిమజోల్ ఇస్తారు. మందు అట్ట మీద పేరు చదివి, మీది ఏదో ముందు తెలుసుకోండి.

లెవోథైరాక్సిన్ వాడేవారికి

ఇది మన గ్రంథి తయారుచేయవలసిన హార్మోనే. మోతాదు సరిగా ఉంటే ఇది కీళ్ళకు చెడు చేయడం అరుదు. కీళ్ళు బిగుసుకోవడం, కండరాల నొప్పి, భుజం పట్టేయడం, రాత్రిపూట చేతివేళ్ళ తిమ్మిరి చాలావరకు జబ్బు లక్షణాలే. మాత్ర మొదలుపెట్టగానే అవి పోవు. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అయినా తగ్గకపోతే మూడు సంగతులు చూడాలి.

1. మాత్ర ఒంటికి పట్టడం లేదేమో. దీన్ని పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, టీ, కాఫీ, టిఫిను అరగంట నుంచి గంట తర్వాత తీసుకోవాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇసబ్‌గోల్‌నూ దూరంగానే ఉంచాలి. కీళ్ళ నొప్పి అని కాల్షియం మొదలుపెట్టి, రెండూ పొద్దున్నే కలిపి మింగేవారున్నారు. అప్పుడు థైరాయిడ్ మాత్ర సరిగా పట్టదు, నొప్పి మళ్ళీ మొదటికొస్తుంది.

2. మోతాదు ఎక్కువైందేమో. దడ, నిద్ర పట్టకపోవడం, వణుకు ఉంటే అనుమానించాలి. ఇది ఏళ్ళ తరబడి సాగితే, ముఖ్యంగా నెలసరి ఆగిన స్త్రీలలో, ఎముకలు పలచబడతాయి.

3. వేరే జబ్బు తోడైందేమో. పొద్దున లేవగానే వేళ్ళు గంటసేపు ముడుచుకోలేకపోవడం, కణుపులు వాయడం ఉంటే కీళ్ళవాతం పరీక్షలు చేయించాలి. కొందరిలో ఈ రెండు జబ్బులూ కలిసే ఉంటాయి.

మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. వాటివల్ల పరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు. రంజాన్ నెలలో సెహ్రీకి కనీసం అరగంట ముందు లేచి మాత్ర వేసుకోవచ్చు. లేదా రాత్రి భోజనమైన మూడు గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు. ఏ వేళ ఎంచుకున్నా నెలంతా అదే పాటించండి. గర్భిణులు ఈ మాత్రను ఎంతమాత్రం సొంతంగా మానకూడదు.

కార్బిమజోల్ వాడేవారికి

ఇక్కడ సంగతి వేరు. ఈ మందే కొద్దిమందిలో కీళ్ళ నొప్పులు తెస్తుంది. సాధారణంగా మొదటి రెండు నెలల్లో, ఒక కీలు తర్వాత మరో కీలు వాచి నొప్పి పుడుతుంది. జ్వరం, దద్దుర్లు తోడు కావచ్చు. ఇలా ఉంటే తైలాలు రాసుకుంటూ ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. మందు ఆపితే ఇది కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఆ తర్వాత ఏ చికిత్స అన్నది డాక్టరే నిర్ణయించాలి.

ఇంకో మాట తప్పక గుర్తుంచుకోండి. ఈ మందు వాడుతుండగా జ్వరం, గొంతు నొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. అరుదుగా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, ప్రాణం మీదికి వస్తుంది. మామూలు పడిశమని రెండు రోజులు చూడకండి.

మన వైద్యం ఎంతవరకు?

కీళ్ళ నొప్పులను మన తిబ్బులో వజవుల్ మఫాసిల్ అంటాం. థైరాయిడ్ మందగించిన మనిషి లక్షణాలు బల్గం మిజాజ్ లక్షణాలను పోలి ఉంటాయి. అంతమాత్రాన లేని హార్మోన్‌ను మాజూన్ తెచ్చిపెట్టలేదు. నొప్పికి తోడు వైద్యం చేయగలం గాని, ఆ మాత్ర స్థానంలో మందు ఇవ్వలేం.

వాపు, వేడి లేని కీళ్ళకు గోరువెచ్చని నూనె మర్దన, కాపడం, రోజూ కాస్త నడక మంచివి. లోపలికి తీసుకునే మందుల్లో మాత్రం జాగ్రత్త. మాజూన్ సురంజాన్‌లో వాడేది సురంజాన్ షీరీన్. చేదు సురంజాన్ విషం, లోపలికి పనికిరాదు. షీరీన్ కూడా గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇవ్వకూడదు. విరేచనాలు మొదలైతే ఆపేయాలి.

అస్గంధ్ సంగతి చాలామందికి తెలియదు. కీళ్ళ మందుల్లో, బలానికి వాడే చూర్ణాల్లో ఇది ఉంటుంది. ఇది థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు. గ్రంథి ఎక్కువగా పనిచేసేవారు దీన్ని తీసుకోకూడదు. లెవోథైరాక్సిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా తీసుకోకూడదు.

పేరూ చీటీ లేని పొడులను నమ్మకండి. కొన్నింటిలో స్టెరాయిడ్ కలుపుతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించక, అనుమానించండి.

ఈ వారం చేయవలసింది

ఒక కాగితం మీద మీరు తీసుకునే మాత్రలు, మాజూన్‌లు, చూర్ణాలు అన్నీ రాయండి. ఏది ఏ వేళకో, నొప్పి ఎప్పుడు మొదలైందో కూడా రాయండి. ఆ కాగితాన్ని డాక్టరుకూ చూపించండి, హకీంకూ చూపించండి. డాక్టరు కోప్పడతారని యూనానీ మందు దాచడం, హకీం ఏమనుకుంటారోనని థైరాయిడ్ మాత్ర దాచడం, రెండూ మీకే నష్టం.