జనరల్ అంటే ఎవరిది?

అక్కలారా, ఈ పాఠంలో ఒక్క మాటే నేర్చుకుందాం. అది ఇంగ్లీషు మాట. అయినా రోజూ మన నోట వస్తుంది. ఆ మాట జనరల్.

పలాసలోనో, ఆమదాలవలసలోనో జనరల్ టికెట్టు తీస్తాం. దాని మీద సీటు నంబరు ఉండదు. జనరల్ పెట్టెలో ఎవరి పేరా సీటు రాసి ఉండదు. టికెట్టు కొన్న ఎవరైనా ఎక్కవచ్చు. అందుకే అంత తోపులాట!

శ్రీకాకుళంలో పెద్దాసుపత్రి ఉంది. ఇంగ్లీషులో అది జనరల్ హాస్పిటల్. తెలుగులో సర్వజన ఆసుపత్రి. సర్వజనం అంటే అందరూ. ఈ తెలుగు పేరు ఎవరు పెట్టారో గాని, బాగా పెట్టారు. ఎందుకంటే జనరల్, జనం దూరపు చుట్టాలు.

ఎలాగంటారా? రెండు వేల ఏళ్ల కిందట రోము నగరంలో లాటిన్ భాష మాట్లాడేవారు. ఆ భాషలో జెనుస్ అంటే వంశం, జాతి. దాని నుంచి జెనెరాలిస్ అనే మాట వచ్చింది. ఒకరిద్దరిది కాదు, జాతి మొత్తానిది అని దాని అర్థం. అది ఫ్రెంచి భాష మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లి జనరల్ అయింది.

మన జనం, జన్మ, జనని అనే మాటలు సంస్కృతం నుంచి వచ్చాయి. వీటన్నిటిలో పుట్టుక ఉంది. లాటిన్, సంస్కృతం ఒకే పాత భాష నుంచి చీలాయని పండితులు చెబుతారు. పెళ్లిళ్లలో డబడబలాడే జనరేటరుదీ ఈ కుటుంబమే. కరెంటు పుట్టిస్తుంది కదా!

ఇక అసలు సంగతి. పంచాయతీ ఎన్నికలప్పుడు నోటీసు బోర్డులో మన వార్డుకు ఎదురుగా జనరల్ అని ఉంటే ఏమిటి అర్థం? రాత్రి బడిలో ఇదే అడిగాను.

"అది మొగోళ్ల సీటు కదేటి, పంతులమ్మా?" అంది ఒక అప్ప. నలుగురు తలూపారు. దాచడమెందుకు, ట్రైనింగు చదివే రోజుల్లో నేనూ అలాగే అనుకునేదాన్ని.

కాదు. జనరల్ సీటు ఆడా మగా అందరిదీ. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు కేటాయించింది. 2011లో చట్టాన్ని మార్చి దాన్ని సగం చేశారు. ఆ సగంలో మగవాళ్లు నిలబడకూడదు. మిగతా సగంలో మనం నిలబడకూడదని ఎక్కడా లేదు. 21 ఏళ్లు నిండాలి. ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి.

బి.సి. జనరల్ అంటే బి.సి.లలో ఆడవారైనా సరే, మగవారైనా సరే. జనరల్ మహిళ అంటే ఏ కులం ఆడమనిషైనా సరే.

ఆ అప్ప బోర్డు మీది మాటను కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. "మరి పోయినసారి మా వార్డు జనరలే. నన్ను ఒక్కరైనా అడగలేదేటి?" అంది.

చదవండి, చెప్పండి: ఎస్.సి. జనరల్ సీటుకు ఎవరెవరు నిలబడవచ్చు? ఎస్.సి. మహిళ సీటుకు ఎవరు నిలబడవచ్చు? పోయిన ఎన్నికల్లో మీ వార్డు ఏ సీటు?