గగనం తడి మీద, పహాడ్ పొడి మీద

నీటిరంగులతో బొమ్మ వేయటం తేలిక అని చాలామంది అనుకుంటారు. చిన్నప్పుడు బడిలో అందరం వేసినవే కదా! నేనూ అలాగే అనుకుని కిందటి వేసవి సెలవుల్లో ఒక రంగుల పెట్టె, రెండు కుంచెలు, పది కాగితాలు కొనుక్కున్నాను. పదింట్లో తొమ్మిది పాడయ్యాయి. ఆ తొమ్మిది కాగితాలు నేర్పిన పాఠమే ఈ వ్యాసం. నేను చిత్రకారుణ్ణి కాను. సైన్సు చదువుతున్నవాణ్ణి, రైతు బిడ్డను. ఈ రెండూ ఇక్కడ పనికొచ్చాయి గనకే రాయటానికి సాహసిస్తున్నాను.

మా ఊరు శంషాబాద్ అవతల ఉంది. కాలేజీకి వచ్చేటప్పుడు బస్సు బెంగళూరు రోడ్డు మీద గగన్‌పహాడ్ దాటుతుంది. గగనమంటే ఆకాశం, పహాడ్ అంటే కొండ. పేరులోనే బొమ్మ ఉంది! పైన ఆకాశం, కింద రాతిగుట్ట, పక్కన అప్ప చెరువు వేద్దామనుకున్నాను.

మొదట ఆకాశం వేశాను. తడి కాగితం మీద నీలం పెట్టగానే అది నన్నడగకుండా పాకిపోయింది. మబ్బు అంచు నేననుకున్న చోట ఆగలేదు. వెంటనే కుంచెతో సర్దాను. మళ్ళీ సర్దాను. నాలుగోసారికి కాగితం పైపొర లేచి, నీలం కాస్తా బురదరంగుకు తిరిగింది. ఎంత దిద్దితే అంత చెడింది.

ఎందుకిలా అవుతుంది? పుస్తకంలో చదువుకున్న భౌతికశాస్త్రమే ఇక్కడ కాగితం మీద పనిచేస్తున్నది. నీటిరంగు అంటే మెత్తటి రంగు రేణువులు, వాటిని కాగితానికి అంటించే బంక. ఈ బంక తుమ్మ జాతి చెట్లనుంచి వచ్చేదే. కాగితంలోని సన్నని పోగుల మధ్య సందుల్లోంచి నీరు తనంత తానే పాకుతుంది. దీన్నే కేశనాళికీయత అంటాం. నీటితోపాటు రేణువులూ నడుస్తాయి. బరువైన రేణువులు కాగితం గుంటల్లో దిగబడి గరుకు మచ్చలుగా నిలుస్తాయి.

ఇక అంచుల సంగతి. కాఫీ చుక్క ఎండితే మధ్యలో లేతగా, అంచున నల్లటి గీతగా కనిపిస్తుంది. దీనికి కారణాన్ని 1997లో చికాగో విశ్వవిద్యాలయంలో డీగన్, ఆయన సహచరులు వివరించారు. చుక్క అంచు కదలకుండా అతుక్కుని ఉంటుంది. అక్కడ నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చటానికి మధ్యనున్న నీరు అంచుకు పరుగెత్తుతూ రేణువుల్ని మోసుకుపోతుంది. సగం ఆరిన రంగులో నీటిచుక్క పడితే కాలీఫ్లవర్ పువ్వులాంటి మచ్చ పడేదీ ఇందుకే. కొత్త నీరు పాత రేణువుల్ని బయటకు నెట్టి అంచున పోగుచేస్తుంది. కుంచె పట్టినవాడి కోరికతో వీటికి పనిలేదు.

అయితే మనం చేయగలిగింది ఏమీ లేదా? ఈ సందేహం తీర్చింది మా నాయిన. ఆయన ఎన్నడూ కుంచె పట్టలేదు. నేను ఏడో కాగితం రుద్దుతుంటే అరుగు మీద కూర్చుని చూసి, "ఇప్పుడు ముట్టకు బిడ్డా. పదునుకు రానియ్యి. బురదల నాగలి పెడితే పెళ్ళ లేస్తది" అన్నాడు.

పదును! వాన పడగానే ఎవరూ నాగలి కట్టరు. నేల ఆరి గట్టిపడేదాకా ఆగరు. ఆ రెంటి నడుమ ఒక సమయం ఉంది. కాగితానికీ అంతే. నీరు నిలిచి అద్దంలా మెరిసేటప్పుడు పెట్టిన రంగు ఎటో పోతుంది. మెరుపు తగ్గి, తడి మాత్రం మిగిలినప్పుడు పెడితే మెత్తగా కొంతదూరం పాకి ఆగుతుంది. పూర్తిగా ఆరాక పెడితే పదునైన అంచు నిలుస్తుంది. అంటే మన చేతిలో ఉన్నవి మూడే: నీరు ఎంత, వాలు ఎటు, సమయం ఎప్పుడు. మిగతాది నీటి పని. పొలంలో మడవ తీసేంతవరకే మనం. తరవాత మడి అంతా తడిపేది నీరే. అందుకే ఆకాశాన్ని తడి మీద వేసి వదిలెయ్యాలి, గుట్టను పొడి మీద ఆగి ఆగి వెయ్యాలి.

పెద్ద చిత్రకారులు కూడా నీటికి ఈ చోటు ఇచ్చారు. 1903లో యొకోయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాన్ చిత్రకారులు కలకత్తా వచ్చారు. వారి పనితీరు చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ వాష్ పద్ధతిని రూపొందించారు. వేసిన బొమ్మను నీళ్ళలో ముంచుతారు. పోయే రంగు పోతుంది, ఉండేది ఉంటుంది. దాని మీద మళ్ళీ వేస్తారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ బెంగాల్ చిత్రకళారీతిని మన వారికి నేర్పారు. అడవి బాపిరాజు ఆయన శిష్యులే. కష్టపడి వేసినదాన్ని తామే నీట ముంచటానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

చెరువు దగ్గర మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు అప్ప చెరువు కట్ట తెగి, నీరు బెంగళూరు రోడ్డు మీదికి వచ్చింది. వాహనాలు కొట్టుకుపోయాయి, ప్రాణాలూ పోయాయి. చెరువు స్థలంలో కట్టారంటూ 2024 ఆగస్టులో కొన్ని కట్టడాలను హైడ్రా కూల్చింది. పూర్వం చెరువు కట్టినవాళ్ళు కట్టతోపాటు మత్తడి కూడా కట్టేవాళ్ళు. నిండినప్పుడు నీరు ఎటు పోవాలో ముందే చోటు చూపేవాళ్ళు. విడిచిపెట్టటం అంటే చేతులెత్తేయటం కాదు. మత్తడి కట్టటం. నీటికి చోటు లేకుండా చేస్తే అది కాగితాన్నీ చెడగొడుతుంది, ఊరినీ చెడగొడుతుంది.

ఆసక్తి ఉన్న మిత్రులు ఒకసారి చేసి చూడండి. కాస్త దళసరి కాగితం తీసుకుని పై సగం తడపండి. పలకను కొంచెం వాల్చండి. మెరుపు తగ్గగానే నీలం ఒక్కసారి పెట్టి, కుంచె కిందపెట్టి, చేతులు కట్టుకుని కూర్చోండి. ఆరేదాకా ముట్టకూడదు. అన్నిటికంటే కష్టమైన పని ఇదే.

నా పదో కాగితంలో ఆకాశం బాగానే వచ్చింది. మబ్బు నేననుకున్న చోట లేదు. నాయిన చూసి "వానమబ్బే" అన్నాడు. అంతకంటే మెచ్చుకోలు నాకింకేం కావాలి?