జారుడుబల్ల కింద ఏముంది?

పిల్లల్ని డే కేర్‌లో చేర్చేముందు సీసీ కెమెరాలు ఉన్నాయా, ఏసీ ఉందా అని అడుగుతాం. ఈసారి ఆటస్థలంలో నేల కూడా చూడండి.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో చైల్డ్ కేర్ సెంటర్ లైసెన్సుకు ఆ నేల కూడా ఒక షరతు. అక్కడి కన్జ్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ హ్యాండ్‌బుక్ సిమెంటునే కాదు, పచ్చగడ్డిని కూడా వద్దంటుంది! గడ్డి మెత్తగానే కనిపిస్తుంది. కానీ పిల్లలు తొక్కీ తొక్కీ, ఎండకు ఎండి, కింద మట్టి రాయిలా గట్టిపడుతుంది. అందుకే 4 అడుగుల ఎత్తు వరకు 9 అంగుళాల ఇసుక, 7 అడుగుల వరకైతే 9 అంగుళాల చెక్క మల్చ్ ఉండాలి. ఆట పరికరం చుట్టూ కనీసం 6 అడుగుల మేర పరవాలి. ఇదంతా ముఖ్యంగా తలకు ప్రాణాపాయమైన దెబ్బ తగలకుండా. చెయ్యి విరగదని మాత్రం హామీ లేదు.

ఇసుకతో ఒక చిక్కుంది. ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర, అంటే పిల్లలు దిగేచోటే అది పక్కకు పోతుంది. మీ పాప స్కేలు అక్కడే గుచ్చి చూడండి, అంచున కాదు. "ఇసుక మళ్లీ ఎవరు సర్దుతారు, ఎన్నాళ్లకోసారి?" అని అడగండి. రబ్బరు మ్యాట్ అయితే ఎంత ఎత్తుకు పరీక్షించారో కాగితం చూపించమనండి. రంగు చూసి మురిసిపోకండి. మన మే నెల మధ్యాహ్నం దానిమీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూడండి.