ఒక్క ఈస్ట్ చాలు, అల్లుడూ



మ్యూనిక్‌లో నువ్వు ఇంట్లోనే బీరు కాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, సగం గర్వంగా, సగం బెంగగా. ఆ దేశంలో సొంత వాడకానికి 2024 నుంచి ఏడాదికి 500 లీటర్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. సంక్రాంతికి పలాస వచ్చినప్పుడు మాత్రం ఆ సరదా కట్టిపెట్టు. లైసెన్సు లేకుండా కాస్తే ఇక్కడ ఎక్సైజు కేసే.

నువ్వు పంపిన లాగర్ బీర్ల జాబితా చూశాను. హెల్లెస్‌కి ఒక ఈస్ట్, పిల్స్‌నర్‌కి ఇంకోటి, డుంకెల్‌కి, బాక్‌కి మళ్ళీ వేరు. ఇన్ని ఎందుకురా? బీరు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం చేసినవాడిగా చెబుతున్నా, ఒక్కటే పట్టుకో: డబ్ల్యూ-34/70. మీ పక్కూరు ఫ్రైజింగ్‌లోని వైహెన్‌స్టెఫాన్ నుంచి లోకమంతా పాకిన రకం అది. పొడి ప్యాకెట్‌గా దొరుకుతుంది.

దాని గొప్పంతా తన రుచి పెద్దగా చూపించకపోవడంలోనే ఉంది. మాల్ట్ ఏదైతే బీరు అదే అవుతుంది. చక్కెర బాగా తింటుంది, 80 శాతం పైమాటే, అందుకే పిల్స్‌నర్ తీపి మిగలకుండా తేలిగ్గా దిగుతుంది. డుంకెల్ కాస్త చిక్కగా కావాలంటే ఈస్ట్ మార్చకు. మాల్ట్ నానబెట్టే నీళ్ళ వేడి 68 డిగ్రీలకు పెంచు, పులియని చక్కెర కొంత మిగులుతుంది. డుంకెల్‌కి మీ మ్యూనిక్ గట్టి నీళ్ళు బాగానే నప్పుతాయి. పిల్స్‌నర్‌కే మెత్తని నీళ్ళు కావాలి.

మన ఉద్దానంలో కల్లుకి ఎవరూ ఈస్ట్ ఏరరు. కుండకి అంటుకుని ఉన్నదే పని కానిచ్చేస్తుంది, ఎండెక్కితే సాయంత్రానికి పులుపు. లాగర్ వ్యవహారం దీనికి పూర్తిగా ఎదురు. చలిలో ఈస్ట్ బద్ధకిస్తుంది కాబట్టి ఎక్కువ వెయ్యాలి. 20 లీటర్లకి 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు. ఒక్కటి వేసి పొదుపు చెయ్యకు. చలికి ఓర్చే గుణం దీనికి ఒకవైపు వంశం నుంచి వచ్చింది. ఆ వంశపు అడవి ఈస్ట్‌ని పటగోనియా చెట్ల మీద కనిపెట్టామని 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. రెండోవైపు వంశం మామూలు రొట్టె ఈస్ట్‌దే.

పులవడానికి తయారీదారు 12 నుంచి 18 డిగ్రీలు అంటాడు. 18లోనూ బాగానే వస్తోందని కుర్రాళ్ళు వాదిస్తారు, రావచ్చు. నేనైతే మొదట్లో 12 దాటనివ్వను. మొదటి వారం కుళ్ళిన గుడ్డు వాసన వస్తే కంగారుపడి పారబొయ్యకు, చలిలో నిలవ ఉంటే పోతుంది. జాగ్రత్త పడాల్సింది వెన్న వాసనకి. పులవడం ముప్పాతిక వంతు అయ్యాక వేడి 16కి పెంచి రెండు మూడు రోజులు ఉంచు. తర్వాత చిన్న గ్లాసుడు తీసి, మూతపెట్టి, 60 డిగ్రీల వేడి నీళ్ళల్లో ఓ అరగంట ఉంచు. చల్లార్చి మూత తీసి వెంటనే ముక్కు దగ్గర పెట్టుకో. వెన్న కాచినట్టు కమ్మగా కొడితే ఇంకా రెండు రోజులు ఆగు. ఆ వాసన లేకపోతేనే వేడి సున్నా డిగ్రీల దగ్గరకి దించి నెలపాటు వదిలెయ్. ఇక్కడ తొందరపడితే ఏ ఖరీదైన ఈస్ట్ కూడా కాపాడదు.

అడుగున చేరిన మడ్డిని శుభ్రమైన సీసాలో ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు మళ్ళీ వాడు. ముందు తెల్లటి హెల్లెస్, ఆ మడ్డితో నల్లటి డుంకెల్, చివర ఘాటైన బాక్. నల్లదాని మడ్డి తెల్లదానిలో పడితే రంగూ రుచీ చెడతాయి. బాక్ ఘాటుకి ఈస్ట్ అలిసిపోతుంది, ఆ మడ్డి దాచకు.

ఇంకోటి. కిడ్నీ జబ్బులతో నలిగిన మన ఉద్దానం ఊళ్ళలో క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. అక్కడికెళ్ళాక ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నావా? చేయించి ఆ కాగితం ఫొటో పంపు. కాచినదంతా నువ్వే తాగాలని లేదు, పంచిపెట్టు. నంజుకోవడానికి మీ అత్త పలాస జీడిపప్పు పార్సిల్ కడుతోంది.

మొదటి హెల్లెస్‌కి రోజువారీ హైడ్రోమీటర్ రీడింగులూ, వేడీ రాసి పంపు. రుచి సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మీ మావయ్య